అమెరికాలో డీడీఎస్ తర్వాత ఆర్థో రెసిడెన్సీ: చివరి ఏడాదే అప్లై చేయాలా, ఒక ఏడాది ఆగాలా?

మీ ప్రశ్న పొడుగ్గా ఉందండీ, ముందు నాకు అర్థమైంది చెప్తా, తేడా ఉంటే సరిచేయండి. బీడీఎస్ విజయవాడ దగ్గర కాలేజీలో చేశారు, తర్వాత రెండేళ్ళు సొంతూళ్ళో క్లినిక్ చూశారు, పెళ్ళయ్యాక హెచ్-4 (హెచ్-1బీ మీద పనిచేసేవాళ్ళ జీవిత భాగస్వామికిచ్చే వీసా) మీద డల్లాస్ వచ్చారు, ఇప్పుడు రెండేళ్ళ అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ డీడీఎస్ (విదేశీ డెంటిస్టులు నేరుగా మధ్యలో చేరే అమెరికా డెంటల్ డిగ్రీ) లో మొదటి ఏడాది నడుస్తోంది. ఆర్థో, అంటే పళ్ళ, దవడల వరస సరిచేసే స్పెషాలిటీ, చేయాలని ఉంది. చివరి ఏడాదే అప్లై చేయాలా లేక జీపీఆర్ (జనరల్ డెంటిస్ట్రీ రెసిడెన్సీ) చేసో ఎక్కడో పనిచేసో ఒక ఏడాది తర్వాత చేయాలా, ఏడాట్ (స్పెషాలిటీ సీట్లకి అప్లై చేసేవాళ్ళు రాసే పరీక్ష) రాయాలా, బీడీఎస్ లో ఒక సప్లీ ఉంది అది దెబ్బ కొడుతుందా, టెక్సాస్ దాటకుండా సీటొస్తుందా. ఇంతే కదా.

సూటిగా చెప్పాలంటే చివరి ఏడాదే అప్లై చేయండి, ఏడాట్ రాయండి, సప్లీ గురించి నిద్ర పాడుచేసుకోకండి. టెక్సాస్ ఒక్కటే అని గిరి గీసుకుంటే మాత్రం కష్టం, దాని గురించి కింద రాస్తా.

నేనూ ఆంధ్రాలో బీడీఎస్ చేసి ఇక్కడికొచ్చి మళ్ళీ డీడీఎస్, ఆపైన ఆర్థో చేసినవాడినే. ఇప్పుడు సొంత ప్రాక్టీసు, వారంలో ఒక రోజు ఒక ప్రోగ్రాంలో రెసిడెంట్ల క్లినిక్ లో నిలబడతా, ఇంటర్వ్యూల సీజన్ లో అప్లికేషన్ ఫైళ్ళు చదివే పని కూడా నా నెత్తిన పడుతుంది. కాబట్టి బల్లకి అటువైపు నుంచి ఎలా కనిపిస్తుందో అదే ఎక్కువ రాస్తా, మిగతా సమాచారం వెబ్ సైట్లలో దొరుకుతుంది.

మొదట క్యాలెండర్ చూడండి, ఎందుకంటే మనవాళ్ళు చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. అప్లికేషన్లు పాస్ అనే సెంట్రల్ పోర్టల్ లో మే నెల మధ్యలో తెరుచుకుంటాయి. ఎక్కువ ప్రోగ్రాములకి ఆఖరు తేదీ ఆగస్టు, సెప్టెంబర్ లో ఉంటుంది, ఇంటర్వ్యూలు సెప్టెంబర్ నుంచి నవంబర్ మొదటి వారాల దాకా, ర్యాంక్ లిస్టు నవంబర్ లో పెట్టాలి, మ్యాచ్ (మీ లిస్టునీ ప్రోగ్రాముల లిస్టునీ కంప్యూటర్ కలిపే పద్ధతి) ఫలితం నవంబర్ చివర్లోనో డిసెంబర్ మొదట్లోనో వస్తుంది. పిల్లల డెంటిస్ట్రీ, జీపీఆర్ లాంటివి రెండో ఫేజులో జనవరిలో తేలతాయి గానీ ఆర్థో మొదటి ఫేజు. అంటే మీ చివరి ఏడాది మొదలవుతూనే అప్లికేషన్ పెట్టేయాలి. నాలుగేళ్ళ డీడీఎస్ చేసే అమెరికన్ పిల్లలకి అప్పటికి మూడేళ్ళు కాలేజీలో గడిచి ఉంటాయి, మీకు ఒక్క ఏడాదే, అదీ ఇప్పుడు నడుస్తున్న ఈ ఏడాదే. చివరి ఏడాదిలో ఏదో చేసి చూపిద్దాం అనుకుంటే అది ఫైల్లోకి ఎక్కదు.

ఐతే మరి ఆగితేనే మంచిది కదా, ఇంకో ఏడాది టైం దొరుకుతుంది కదా అంటారు. నేను ఆగొద్దు అనడానికి మొదటి కారణం లెటర్లు. మీతో రోజూ పనిచేస్తున్న ఫ్యాకల్టీ ఇప్పుడు రాసే లెటరు వేరు, మీరు వెళ్ళిపోయిన ఏడాదికి ఫోన్ చేసి గుర్తుచేస్తే రాసే లెటరు వేరు. రెండోది, మీ విషయంలో అసలు సంగతి, వీసా. హెచ్-4 మీద చదువుకోవచ్చు, పని చేయకూడదు. జీపీఆర్ వాళ్ళు స్టైపెండ్ ఇస్తారు, అంటే దానికి వర్క్ పర్మిషన్ కావాలి. డీడీఎస్ అయ్యాక ఎక్కడైనా అసోసియేట్ గా చేరాలన్నా అంతే. మీ వారికి ఐ-140 (కంపెనీ పెట్టే గ్రీన్ కార్డు పిటిషన్) అప్రూవ్ అయ్యుంటే 2015 నుంచి వచ్చిన రూల్ ప్రకారం మీకు హెచ్-4 ఈఏడీ (పని చేసుకునే అనుమతి కార్డు) దొరుకుతుంది, అప్పుడు ఒక ఏడాది పనిచేయడం కుదురుతుంది. లేకపోతే ఆ గ్యాప్ ఏడాది ఇంట్లో కూర్చోవడమే అవుతుంది, అది ఫైల్లో ఏమాత్రం బాగోదు.

ఇదే కారణంగా ప్రోగ్రాముల లిస్టు తయారుచేసుకునేటప్పుడు కూడా రెండు రకాలు విడదీసుకోండి. ఫీజు తీసుకుని సర్టిఫికెట్ తోపాటు మాస్టర్స్ కూడా ఇచ్చేవి ఒక రకం, మీరు అక్కడ స్టూడెంటే కాబట్టి హెచ్-4 మీద మామూలుగా చదివేయొచ్చు. హాస్పిటల్ ప్రోగ్రాములు చాలావరకు స్టైపెండ్ ఇస్తాయి, వినడానికి హాయిగా ఉంటుంది గానీ ఈఏడీ లేకపోతే వాళ్ళు మిమ్మల్ని ఏ స్టేటస్ మీద తీసుకుంటారో ముందే మెయిల్ పెట్టి అడగాలి. కొన్ని చోట్ల వెబ్ సైట్ లోనే సిటిజన్స్, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు మాత్రమే అని రాసేస్తారు, అలాంటివాటికి ఫీజు కట్టి డబ్బు పోగొట్టుకోకండి. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట: ఓపీటీ (చదువయ్యాక కొన్నాళ్ళు పనిచేసుకునే అనుమతి) ఒక్కో చదువు స్థాయికి ఒక్కసారే. డీడీఎస్ తర్వాత అది మొత్తం వాడేసుకుంటే ఆర్థో మాస్టర్స్ అయ్యాక మళ్ళీ ఇస్తారని లెక్కలేసుకోకండి, ముందే కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులో కూర్చుని మాట్లాడండి.

ఇప్పుడు సప్లీ, మార్కులు, ఏడాట్. మనకి చిన్నప్పట్నుంచి ఎంసెట్, నీట్ అలవాటు కాబట్టి ర్యాంకు వస్తే సీటొస్తుంది అనే లెక్క బుర్రలో నాటుకుపోయింది. ఇక్కడ ఏ పరీక్షా సీటివ్వదండీ. ఐఎన్‌బీడీఈ అనే లైసెన్స్ బోర్డు పరీక్ష 2020 ఆగస్టు నుంచి వచ్చింది, అది పాస్ లేదా ఫెయిల్ అంతే, మార్కులుండవు. పాత బోర్డు పరీక్ష పార్ట్ వన్ కి 2012 దాకా నంబర్ వచ్చేది, అది పోయాక జల్లెడ పట్టడానికి ఇంకో నంబర్ కావాలని 2016లో ఏడాట్ తెచ్చారు. 200 ప్రశ్నలు, బయోమెడికల్ 80, క్లినికల్ 60, డేటా-రీసెర్చ్ 60, స్కోరు 200 నుంచి 800 మధ్య ఇస్తారు. కొన్ని ప్రోగ్రాములకి ఇది తప్పనిసరి, కొన్ని జీఆర్ఈ అడుగుతాయి, కొన్నిటికి ఏదీ అక్కర్లేదు. మీలాంటివాళ్ళు మాత్రం రాయాల్సిందే అంటాను, ఎందుకంటే అడ్వాన్స్‌డ్ స్టాండింగ్ వాళ్ళకి చాలా కాలేజీల్లో క్లాస్ ర్యాంక్ ఇవ్వరు, ఇచ్చినా వేరే లిస్టులో ఇస్తారు, బీడీఎస్ పర్సంటేజీలు చూస్తే ఇక్కడి వాళ్ళకి ఏమీ అర్థం కాదు. మన యూనివర్సిటీలో 65 శాతం అంటే మంచి మార్కులని వాళ్ళకెలా తెలుస్తుంది? అందుకే అందరికీ కామన్ గా ఉండే ఒక నంబర్ ఫైల్లో ఉంటే మీకే మేలు. మన బీడీఎస్ వాళ్ళు బయోమెడికల్ బాగానే చేస్తారు, మొదటి ఏడాదంతా అనాటమీ, ఫిజియాలజీ బట్టీ కొట్టిన పుణ్యం ఊరికే పోదు. డేటా-రీసెర్చ్ దగ్గర జారిపోతారు, స్టడీ డిజైన్లు, బయోస్టాట్స్ మనకి పబ్లిక్ హెల్త్ డెంటిస్ట్రీలో రెండు చాప్టర్లతో సరిపెట్టేశారు కదా. టైం అంతా అక్కడ పెట్టండి.

సప్లీ సంగతి, ఏ సబ్జెక్టో మీరు రాయలేదు. ఏదైనా సరే ఎవరూ లెన్స్ పెట్టి వెతకరు, ట్రాన్స్‌క్రిప్ట్ ఎవాల్యుయేషన్ లో అది ఒక గ్రేడ్ గా మారిపోయి ఒక లైన్ లో ఉంటుంది. అడిగితే ఉన్నదున్నట్టు రెండు ముక్కల్లో చెప్పండి, అప్పుడు జ్వరమొచ్చింది, ఎగ్జామినర్ పగబట్టాడు అని కథ మొదలెడితేనే అనుమానం వస్తుంది. డీడీఎస్ లో ఇప్పుడొచ్చే గ్రేడ్లు దానికంటే చాలా ఎక్కువ చూస్తారు.

మరి సీటు ఎవరిస్తారు అంటే, మిమ్మల్ని చూసినవాళ్ళు. ఒక ప్రోగ్రాంలో ఏడాదికి తీసుకునేది నలుగురైదుగుర్ని, కొన్ని చోట్ల ఇద్దరు ముగ్గుర్నే. వాళ్ళతో రెండు నుంచి మూడేళ్ళు, డెంటల్ కోర్సులకి గుర్తింపునిచ్చే కోడా సంస్థ రూల్ ప్రకారం తక్కువలో తక్కువ 24 నెలలు, ఒకే క్లినిక్ లో పొద్దస్తమానం పనిచేయాలి. అందరి మార్కులూ బాగానే ఉంటాయి కాబట్టి ఆ దశలో చూసేది ఈ మనిషి చెప్తే వింటుందా, పేషెంట్ లేట్ గా వస్తే విసుక్కుంటుందా, తప్పు వైరు కట్టి దాచేస్తుందా అనేదే. ఇది తెలిసేది లెటర్లలో. డీన్ ఆఫీసు నుంచి ఒక ఎవాల్యుయేషన్ వెళ్తుంది, అవి కాక ఫ్యాకల్టీ లెటర్లు మూడో నాలుగో పెడతారు. నేను చదివే ఫైళ్ళలో సగం లెటర్లు ఒకే అచ్చు: కష్టపడే మనిషి, సిన్సియర్, టైంకి వస్తుంది. అవి చదివి పక్కన పెట్టేస్తాం. ఒకసారి ఒక క్లినిక్ ఇన్‌ఛార్జి రాసిన లెటరు చూశా, ఈ అమ్మాయి సిమెంట్ చేసిన క్రౌన్ (పన్ను తొడుగు) అంచు బాగాలేదని తనే చెప్పి, నేను ఫర్వాలేదన్నా వినకుండా పేషెంట్ కి వివరించి తీసేసి మళ్ళీ చేసింది, ఆ రోజు లంచ్ మానేసింది అని. ఐదు లైన్లే. ఆ ఫైలుని గదిలో ఉన్న ముగ్గురం ఇంటర్వ్యూ గుట్టలో వేశాం.

అలాంటి లెటరు కావాలంటే ఇప్పుడే ఆర్థో డిపార్ట్‌మెంట్ లో మొహం కనిపించాలి. మీ కాలేజీలో ఆర్థో రెసిడెన్సీ ఉంటే ఖాళీ దొరికిన పూట వెళ్ళి రెసిడెంట్ పక్కన నిలబడండి, ఫోటోలు తీయడంలో సాయం చేయండి, సెఫ్ ట్రేసింగ్ (తల ఎక్స్ రే మీద కొలతల గీతలు గీయడం) చేసిపెడతా అనండి, మంగళవారం కేస్ సెమినారో ఇంకేదో ఉంటే వెనక బెంచీలో కూర్చోవచ్చా అని అడగండి. కాదనరు. మనవాళ్ళకి అడగాలంటే మొహమాటం, సారు బిజీగా ఉంటారేమో అని కారిడార్ లో అటూ ఇటూ తిరిగి వచ్చేస్తారు. ఇక్కడ అడక్కపోతే ఇష్టం లేదనుకుంటారు. ఒక చిన్న రీసెర్చ్ పనిలో చేరితే ఇంకా మంచిది, పేపర్ వచ్చిందా లేదా అనేది తర్వాత సంగతి, ఆ పని చేయించిన ఫ్యాకల్టీ మిమ్మల్ని ఆరు నెలలు చూస్తారు, అదీ కావాల్సింది. మీ కాలేజీలో రెసిడెన్సీ లేకపోతే వేరే చోట ఎక్స్‌టర్న్‌షిప్ (కొన్నాళ్ళు దగ్గరుండి చూసి నేర్చుకోవడం) కి వేసవిలోపు వెళ్ళిరండి.

స్టేట్‌మెంట్ గురించి. చిన్నప్పుడు నాకు ఎత్తు పళ్ళుండేవి, క్లిప్పులు పెట్టించాక నవ్వడం మొదలెట్టా, అందుకే ఆర్థో. ఇది ప్రతి రెండో ఫైల్లో ఉంటుంది, దయచేసి రాయకండి. మీకు సొంతూళ్ళో రెండేళ్ళ క్లినిక్ ఉంది, అది ఇక్కడి పిల్లల దగ్గర లేదు. నేను సాయం చేసిన ఒకమ్మాయి గుంటూరు వైపు నుంచి, ఆమె రాసింది పదేళ్ళ బాబు ముందు పన్ను క్రాస్‌బైట్ గురించి. అంటే పై పన్ను కింది పళ్ళ వెనక పడడం. పన్నుని ముందుకి తోసే జెడ్ స్ప్రింగ్ పెట్టిన మామూలు అక్రిలిక్ ప్లేట్, పళ్ళు కాస్త ఎడంగా ఉండేలా వెనక బైట్ ప్లేన్, మన హౌస్‌సర్జన్సీలో అందరం చేసిందే. బాబు వాళ్ళ నాన్న పత్తి తీతల టైంలో బస్సెక్కి రావడం కుదరదన్నాడు, అందుకని ఈమె ఎన్నిసార్లు రావాలో, స్ప్రింగ్ ఎప్పుడు యాక్టివేట్ చేయాలో ముందే లెక్కేసుకుని, మధ్యలో ఏం చూసుకోవాలో వాళ్ళమ్మకి అద్దం పెట్టి చూపించి పంపింది. పన్ను దాటాక రిటైనర్ (కదిలిన పన్నుని అక్కడే నిలిపే ప్లేట్) ఎందుకివ్వలేదు అనేది కూడా రాసింది, ఓవర్‌బైట్ (పై పళ్ళు కింది పళ్ళ మీదకి దిగడం) సరిపడా ఉంది కాబట్టి కింది పళ్ళే దాన్ని ముందు పట్టి ఉంచుతాయి అని. ఇంటర్వ్యూలో ఆమెని ఆ కేసు మీదే ఎక్కువసేపు అడిగారట, ఓవర్‌బైట్ తక్కువుంటే ఏం చేసేదానివి, నాన్న అసలు రానంటే ఏం చేసేదానివి అని. సీటొచ్చింది. కేసు గొప్పదేం కాదు, ఆలోచించిన తీరు కనిపించింది.

ఇంటర్వ్యూ రోజు ఎలా ఉంటుందంటే, కొన్ని వీడియోలో, కొన్ని ప్రోగ్రాములు రమ్మంటాయి. ఫ్యాకల్టీతో చిన్న చిన్న ఇంటర్వ్యూలు వరసగా, మధ్యలో రెసిడెంట్లతో భోజనం. ఆ భోజనాన్ని తేలిగ్గా తీసుకోకండి, మేం సాయంత్రం రెసిడెంట్లని కూర్చోబెట్టి ఒక్కొక్కరి గురించి అడుగుతాం, ఫ్రంట్ డెస్క్ ఆవిడని కూడా అడుగుతాం. కొన్ని చోట్ల వైర్ బెండింగ్ పెడతారు. తిన్నగా ఉన్న స్టీలు వైరు ముక్క, ఒక ప్లయరు, పక్కన కాగితం మీద ఆర్చ్ బొమ్మ, దాని మీద సరిగ్గా కూర్చునేలా వంచమంటారు. చేతులు వణుకుతాయి, అందరికీ వణుకుతాయి. బొటనవేలితో మెల్లగా తుడుస్తూ వంపు తెచ్చేవాళ్ళు ఉంటారు, ప్లయరుతో ఒక్కసారి గట్టిగా నొక్కి మడత పెట్టేసి ఆ మడతని సరిచేయడానికి ఇంకో మడత పెట్టేవాళ్ళు ఉంటారు. మాకు అక్కడ ఫైనల్ వైరు కంటే అది బల్ల మీద ఫ్లాట్ గా పడుకుందా లేదా అని మీ అంతట మీరు పెట్టి చూసుకున్నారా అనేదే ముఖ్యం. మన కాలేజీల్లో ఆడమ్స్ క్లాస్ప్ లు, లేబియల్ బో లు లాంటి ప్లేట్ వైర్లు వేళ్ళు నొప్పెట్టేలా వంచించారు కదా, ఇక్కడి పిల్లలకి ఆ అలవాటు తక్కువ, ఇది మీకు కలిసొచ్చే చోటు. ఇంకో ప్రశ్న దాదాపు ఖాయం: అలైనర్లు (పళ్ళు సరిచేసే పారదర్శక ట్రేలు) జనరల్ డెంటిస్టులు కూడా చేస్తున్నారు కదా, నీకు రెసిడెన్సీ ఎందుకు? అలైనర్లని తిట్టకండి, మేమందరం వాడతాం. ఏ కేసు అలైనర్ తో చేయకూడదో తెలియడానికి అని మీ క్లినిక్ నుంచి ఒక ఉదాహరణ పట్టుకెళ్ళండి.

ర్యాంక్ లిస్టు మనకి తెలిసిన వెబ్ ఆప్షన్స్ లాగే ఉంటుంది, ఒక్క తేడాతో. అక్కడ మీ ర్యాంకు ఒక్కటే నడిపిస్తుంది, ఇక్కడ మీరు కాలేజీల లిస్టు పెడతారు, కాలేజీలు మీ పేర్లతో వాళ్ళ లిస్టు పెడతాయి, కంప్యూటర్ రెండూ కలుపుతుంది. మీకు నిజంగా ఏది ముందు ఇష్టమో ఆ వరసలోనే పెట్టండి, వచ్చేలా ఉంది కదా అని రెండో ఇష్టాన్ని పైకి తోస్తే నష్టం మీకే, పైన పెద్ద ఆప్షన్ పెట్టినందువల్ల కింది ఆప్షన్ అవకాశం తగ్గదు. మీరెక్కడ ఎన్నో నంబర్ పెడతారని ప్రోగ్రాం వాళ్ళు అడక్కూడదు, అడిగితే నవ్వి ఊరుకోండి. ఒకసారి మ్యాచ్ అయితే అది ఒప్పందం, స్లైడింగులు, సెకండ్ కౌన్సెలింగులు ఉండవు, కాబట్టి చచ్చినా వెళ్ళను అనుకునే చోటుని లిస్టులో పెట్టకండి. కొన్ని ప్రోగ్రాములు అసలు మ్యాచ్ లోనే ఉండవు, వాళ్ళు నేరుగా ఆఫర్ ఇస్తారు, జవాబుకి గడువు తక్కువిస్తారు, అవేవో ముందే చూసిపెట్టుకోండి.

టెక్సాస్. డల్లాస్ లో టెక్సాస్ ఏ అండ్ ఎం ఉంది, హ్యూస్టన్ లో యూటీ ఉంది, రెండూ మంచివే, రెండింటికీ దేశం మొత్తం నుంచి అప్లై చేస్తారు. దేశంలో పదుల కొద్దీ ప్రోగ్రాములున్నా ప్రతి ఏడాదీ మ్యాచ్ లో దిగినవాళ్ళలో చాలామంది సీటు లేకుండానే మిగిలిపోతారు, ఆ లెక్కలు మ్యాచ్ నడిపే సంస్థ వెబ్ సైట్ లోనే పెడుతుంది, చూడండి. రెండు మూడు చోట్ల అప్లై చేసి కూర్చుంటే అది లాటరీయే. ఇరవై చోట్లయినా పెట్టమంటాను. ఖర్చే, ప్రతి ప్రోగ్రాంకీ విడిగా కట్టాలి, కొందరు సప్లిమెంటల్ ఫీజు కూడా లాగుతారు. ఐనా ఇంకో ఏడాది పోవడం కంటే అదే చవక. మీ వారితో ఇది ఇప్పుడే మాట్లాడుకోండి, మ్యాచ్ అయ్యాక మాట్లాడుకునే విషయం కాదు. నాకు తెలిసిన జంటలు రెండున్నరేళ్ళు రెండు ఊళ్ళలో ఉన్నారు, కొందరికి కుదిరింది, కొందరికి పిల్లలతో చాలా కష్టమైంది, అది మీ ఇంటి లెక్క.

డబ్బు సంగతి కూడా అంతే. స్టైపెండ్ ఇచ్చే చోటు నుంచి ఏడాదికి లక్ష డాలర్ల దగ్గర ఫీజు ఉండే చోటు దాకా ఉన్నాయి. హెచ్-4 మీద ఫెడరల్ లోన్ రాదు, ప్రైవేట్ లోన్ కి చాలావరకు సిటిజనో గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళో కోసైన్ చేయాలి. డీడీఎస్ అప్పు మీద ఇంకో పెద్ద అప్పు ఎక్కుతుంటే ఆ ప్రోగ్రాంని లిస్టులో కిందకి దించడం తప్పేం కాదు, సీటొస్తే చాలు ఎంతైనా కడతా అనే మాట నేను మాత్రం చెప్పను.

మీకు కాకపోయినా అడిగేవాళ్ళ కోసం: బీడీఎస్ తోనో ఇండియాలో ఎండీఎస్ (డెంటల్ పీజీ) ఆర్థో చేసో నేరుగా ఇక్కడ ఆర్థో రెసిడెన్సీకి రావచ్చా అంటే, కొన్ని ప్రోగ్రాములు తీసుకుంటాయి. ఎండీఎస్ మూడేళ్ళు చేసినా ఇక్కడ స్పెషలిస్టుగా లెక్కలోకి రాదు, మళ్ళీ కోడా ప్రోగ్రాం చేయాల్సిందే. డీడీఎస్ లేకుండా చేస్తే తర్వాత లైసెన్స్ ఇచ్చే స్టేట్లు తక్కువ, ఏ స్టేట్ లో ఉండాలనుకుంటున్నారో ఆ డెంటల్ బోర్డు రూల్ చదివాకే అడుగు వేయండి. మీరు డీడీఎస్ లో చేరారు కాబట్టి మీకు ఆ తలనొప్పి లేదు, ఎండీఎస్ చేసొచ్చుంటే బాగుండేదా అనే ఆలోచన కూడా వదిలేయండి.

ఒకవేళ మొదటిసారి రాకపోతే. ఫలితం వచ్చాక ఖాళీగా మిగిలిన సీట్ల లిస్టు వస్తుంది, ఆర్థోలో అవి చాలా తక్కువ, ఐనా ఆ రోజే మెయిళ్ళు పెట్టండి. తర్వాత కొన్ని కాలేజీలు ఆర్థో ఇంటర్న్‌షిప్, ఫెలోషిప్ అని ఏడాది కోర్సులు పెడతాయి, రెసిడెన్సీ కాదు, కొన్ని జీతమివ్వవు, కొన్ని ఎదురు ఫీజు తీసుకుంటాయి. చేరేముందు ఒక్కటే అడగండి: గత మూడేళ్ళలో ఈ ఫెలోషిప్ చేసినవాళ్ళలో ఎంతమందికి ఎక్కడెక్కడ రెసిడెన్సీ వచ్చింది? గబగబా ఊళ్ళ పేర్లతో చెప్తే చేరండి. నీళ్ళు నమిలితే ఆ డబ్బుతో ఇంకో పది ప్రోగ్రాములకి అప్లై చేసుకోవచ్చు. జీపీఆర్ కి మీరు రెండో ఫేజులో సమాంతరంగా పేరిచ్చి పెట్టుకోవచ్చు, ఆర్థోలో మ్యాచ్ అయితే అది దానంతటదే పోతుంది. కాకపోతే మళ్ళీ అదే, ఈఏడీ ఉండాలి. మీ వారి ఐ-140 ఏ దశలో ఉందో, మీ కాలేజీలో ఆర్థో రెసిడెన్సీ ఉందో లేదో రాయండి, దాన్నిబట్టి ఏ ప్రోగ్రాములు లిస్టులో పెట్టుకోవచ్చో ఇంకొంచెం వివరంగా చెప్తా.